ఫ్రాంకుగా చెప్పినందుకు గుడ్

మొన్న రాజోలు దారిలో నానిన కొబ్బరి పీచు వాసన తగలగానే నా అరచేతులకి చెమట పట్టింది.

ఏడో తరగతిలో మా ఇంగ్లీషు ట్యూషన్ పీచు షెడ్డు పక్కనే జరిగేది. మాస్టారు కొత్తగా వచ్చారు. ఓ సాయంత్రం బోర్డు మీద ‘ఫ్రాంక్’ అని రాసి, “దాపరికం లేకుండా మాట్లాడటం” అన్నారు. తర్వాత బెత్తం అందుకుని, “నా పాఠం మీకు అర్థమవుతోందా? ఫ్రాంకుగా చెప్పండి” అన్నారు.

బెత్తం కొస వణుకుతోంది. అమ్మో, ఎంత కోపమో అనుకున్నాను.

ముందు బల్లలోని రత్నకుమారి లేచి, “ఆయ్, బాగా అర్థమవుతోందండీ” అంది. వరసగా అందరిదీ అదే మాట. నాకైతే ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఇంతలో నా వంతు వచ్చింది. ఫ్రాంకుగా అంటే గట్టిగా చెప్పాలి కాబోలనుకుని, “ఆయ్, అర్థమవుతోందండీ!” అని అరిచాను.

మాస్టారు హమ్మయ్య అన్నట్టు బెత్తం దించేసేరు. “చూసేరా, అలా చెప్పాలి!” అని నా నోట్సులో ఎర్రసిరాతో ‘గుడ్’ వేశారు.

ఆ వణుకు కోపం కాదని మొన్న ఆ వాసనకి అదంతా గుర్తొచ్చాక గానీ అర్థం కాలేదు. ఆ గదిలో అందరికంటే ఎక్కువ భయపడింది ఆయనే.