తువ్వాలు కింద బేరం

నాకూ బడికీ ఎనిమిదో తరగతిలోనే విడాకులయ్యాయి. తప్పు నాదేనని బడి అంటుంది. కాదనడానికి కావలసినంత చదువు అప్పటికి నాకు రాలేదు. గడ్డిఅన్నారంలో పండ్ల మార్కెట్ ఉన్నన్నాళ్లూ ఒక కమిషన్ ఏజెంటు దగ్గర గొంతు చించుకుని వేలం పాడాను. పైకి పాడేది నేనే గానీ అసలు రేటు మా సేఠు తువ్వాలు కింద తెగేది. ఆయనా, కొనేవాడూ ఒకరి వేళ్లు ఒకరు నొక్కి తేల్చుకునేవారు. సరుకు తెచ్చిన రైతు పక్కనే నిలబడి ఆ తువ్వాలు వంకే చూసేవాడు. అప్పట్లో అది చూస్తే నాకు నవ్వొచ్చేది.

మార్కెట్ ఊరవతలికి పోయాక ఓపెన్ స్కూల్లో పదీ ఇంటరూ గట్టెక్కి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక డిగ్రీ కాలేజీలో చేరాను. మొదటి రోజు వాచ్‌మన్ గేటు దగ్గరే ఆపి, "పేరెంట్స్ మీటింగ్ శనివారం అన్నా, గిప్పుడు కాదు," అని వెనక్కి తిప్పాడు.

ఆ వేలం గొంతు చూసే క్లాసు నన్ను తన ప్రతినిధిని చేసింది. వారానికో గంట 'లీడర్‌షిప్ స్కిల్స్' పాఠం ఉండేది. తెర మీద కొండెక్కుతున్న మనిషి బొమ్మ వేసి, నాయకుడంటే ధైర్యం అని చెప్పేవారు. కింద గేటుకు మాత్రం తొమ్మిది కొట్టగానే తాళం పడేది. అల్మాస్‌గూడ వైపు నుంచి వచ్చే మొదటి బస్సు ఫుట్‌బోర్డు దాకా నిండి ఆగకుండానే పోతుంది. రెండోది సగం రోజులు తొమ్మిదింపావుకు గానీ రాదు. అందులో వచ్చే పన్నెండు మంది ఆ తాళం మొహం చూసి, ఆబ్సెంటు వేయించుకుని, తిరిగి ఇంటికి పోయేవారు. సెమిస్టర్ చివర్లో హాజరు చాలలేదని ఆ పన్నెండు మందికీ హాల్‌టికెట్లు ఆపారు. తాళం వేసింది వాళ్లు, రాలేదన్న పేరు మావాళ్లకు! ఇప్పటికీ తలచుకుంటే పళ్లు పటపటమంటాయి.

ఆ పన్నెండు మందిలో ఒకమ్మాయి ఉంది. వాళ్ల నాన్న నల్గొండ వైపు నుంచి బత్తాయి తెచ్చి మా మార్కెట్లోనే అమ్మేవాడట. తోట ఎండిపోయాక కుటుంబమంతా అల్మాస్‌గూడకు చేరింది. ఈ పరీక్ష తప్పితే చదువు మాన్పించి బట్టల షాపులో పెడతామని ఇంట్లో ముందే చెప్పేశారు. ఆమె ఏడవలేదు. రెండు నెలలుగా బస్సు ఏ రోజు ఎన్నింటికి వచ్చిందో, గేటు ఎన్నింటికి మూశారో నోటుబుక్కులో రాసిపెట్టింది. యూనివర్సిటీకి ఫిర్యాదు కూడా పంపింది. నేను ప్రిన్సిపల్ దగ్గరికి బయలుదేరుతుంటే ఆ బుక్కు నా చేతిలో పెట్టి, "అన్నా, నువ్వు జోకులెయ్యకు. జర గిది చూపియ్యి, సాలు," అన్నది.

నేను జోకులే వేశాను.

ప్రిన్సిపల్‌ది కోస్తా. తలుపు వేయించి, టీ తెప్పించి, "రావయ్యా లీడరూ! ఏంటి, గొడవ చేద్దామనొచ్చావా?" అన్నాడు.

"గొడవ చేసే వయసా సార్ నాది? మీకన్న ముందు నేనే రిటైరైత."

కడుపుబ్బ నవ్వాడు. నవ్వినవాడల్లా మనవాడేననుకోవడం నా జబ్బు. అరగంట బేరమాడాక ఆయన గొంతు తగ్గించాడు. "చూడు బాబూ, పదకొండు మందికి ఇప్పించేస్తాను. ఆ కంప్లైంటు రాసిన పిల్లకి మాత్రం కుదరదు. బుద్ధి రావాలిగా! పెద్దవాడివి, నీకు నేను చెప్పాలా?"

పన్నెండుకు పదకొండు! మార్కెట్లో అయితే మా సేఠు వీపు తట్టేవాడు. "సరే సార్," అన్నాను. బుక్కు నా సంచిలోంచి బయటికే రాలేదు.

మెట్లు దిగుతూ వేలం పాడినట్టే అరిచాను, "పదకొండూ!" అని. ఈలలు, చప్పట్లు. తన పేరు లేదని తెలిశాక ఆమె నా దగ్గరికొచ్చింది.

"నా బుక్కు చూపెట్టినవా అన్నా?"

"గా అవసరం పడలే చెల్లె, మాటలతోనే..."

చెయ్యి చాపి బుక్కు తీసుకుని వెళ్లిపోయింది.

అలా వెళ్తున్న ఆమెను చూస్తే గానీ నేను చేసిందేమిటో నాకు తెలియలేదు. కోపం ముందు ప్రిన్సిపల్ మీదికి, ఆ కొండెక్కే బొమ్మ మీదికి పోయి, తిరిగి తిరిగి వచ్చి నా నోటి మీదే వాలింది. మర్నాడు పన్నెండు మందినీ ప్రిన్సిపల్ గదికి రమ్మన్నాను. టికెట్లు చేతికందిన పదకొండు మందిలో ముగ్గురే వచ్చారు. మిగతావాళ్లకు ఉన్నట్టుండి జ్వరాలు! ఈసారి బుక్కు ఆమే తెరిచి, తేదీ తేదీ చదివింది. నేను పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నోరు మూసుకుని నిలబడ్డాను. అంతా విని ప్రిన్సిపల్ ఆమెకు కాదు, నాకు జవాబు చెప్పాడు.

"హాల్‌టికెట్ల లిస్టు నిన్ననే యూనివర్సిటీకి పంపేశాం కదయ్యా. నువ్వు సరేనన్నాకే కదా పంపింది!"

ఆమె పరీక్ష రాయలేదు. గేటు ఇప్పటికీ తొమ్మిదికే మూస్తున్నారు. ఆ తాళం సంగతి నా బేరంలోకే రాలేదు మరి. ఎల్బీనగర్ చౌరస్తాలో మాత్రం కాలేజీ అడ్మిషన్ల ఫ్లెక్సీ లేచింది. దాని మీద చేతులు కట్టుకుని నేను, నా కింద 'మా విద్యార్థి నాయకుడు' అని పెద్దక్షరాలు.

అది చూసిన రోజే దిల్‌సుఖ్‌నగర్‌లో ఆమె పనిచేస్తున్న షాపు వెతుక్కుంటూ వెళ్లాను. చీరలు మడత పెడుతోంది.

"తిట్టు చెల్లె, నోటికొచ్చినట్టు తిట్టు. గని నేను మాట్లాడింది మీకోసమే."

ఆమె చీర మడత ఆపలేదు. "మార్కెట్ల చేసినవు గదన్నా. పక్కన నిలవడ్డ రైతునడగకుండ రేటు తెంపెటోన్ని ఏమంటరు?"

"దళారి," అన్నాను.

"మరి ఫ్లెక్సీ మీద గదే రాయించు."