ఇరవై ఒక్క అంగుళాల నాగాచారి గారు

నాగాచారి గారు ఇక లేరని మంగళవారం పొద్దున ఫోను వచ్చినప్పుడు నేను పర్చూరు పక్క పల్లెలో ఒక ఎద్దు గిట్టకి కట్టు కడుతున్నాను. నమ్మలేదు. ఫోను చేసిన మనిషిని కసిరాను కూడా. ఆదివారం నాడే కదా ఆయన నా బండి ముందు చక్రాన్ని వేలితో తిప్పి, చెవి దగ్గరగా పెట్టి విని, "బాగానే ఉంది, పో" అన్నారు! డెబ్బై దాటిన మనిషి నిద్రలోనే వెళ్లిపోవడం పుణ్యమని అందరూ నన్ను ఓదార్చారు. ఆ పుణ్యం మీద నాకు ఇంకా కోపం తగ్గలేదు.

ఆయన్ని ఎరగని పాఠకుల కోసం రెండు మాటలు. గుంటూరు బ్రాడీపేటలో కోచింగ్ సెంటర్ల నడుమ ఇరుక్కున్న ఒక చిన్న షాపులో నలభై ఏళ్లు మోటారుసైకిళ్లకు పుల్లల (స్పోకుల) చక్రాలు అల్లిన మహాశిల్పి ఆయన. తండ్రి ఎడ్లబండి చక్రాలకు ఇనుప పట్టాలు తొడిగేవారట. కొడుకు రిమ్ములకు మారాడు గానీ, ఆ వృత్తినిష్ఠ రక్తంలో అలాగే ఉండిపోయింది. మట్టిదారీ తారురోడ్డూ రెండూ తిరిగే డ్యూయల్ స్పోర్ట్ బళ్లు, తారు మీద పరుగుపందేలకు దిగే సూపర్‌మోటో బళ్లు ఈ ప్రాంతంలో కనిపించడం మొదలయ్యాక ఆయన కీర్తి ఒంగోలు దాకా పాకింది. మొదటిదానికి ముందు చక్రం ఇరవై ఒక్క అంగుళాలు, రెండోదానికి పదిహేడు. ఈ రెండంకెల మధ్యనే ఆయన జీవితమంతా గడిచింది.

ఆయన దగ్గర ఒక వింత నియమం ఉండేది. చక్రం మార్చమని వచ్చినవాళ్లు తాము రోజూ తిరిగే దారి నుంచి గుప్పెడు మట్టి తేవాలి. తేకపోతే బండిని ముట్టుకోరు. ఆ మట్టిని తడిపి, బొటనవేలితో నలిపి, గోటికి ఎంత అంటుకుందో చూసి అప్పుడు తీర్పు చెప్పేవారు. "పెద్ద చక్రం గుంతను దాటిపోద్ది, చిన్న చక్రం గుంతలోకి దిగి పలకరించి వస్తది" అన్నది ఆయన నోట నేను వందసార్లు విన్న సూక్తి. బండి అందం కోసం చక్రం చిన్నది చేయమనే పెళ్లికొడుకుల్ని మాత్రం షాపు మెట్టు ఎక్కనిచ్చేవారు కాదు.

అలాగని ఆయనకు మూర్ఖపు పట్టుదల లేదు. చీరాల నుంచి ఒక కాలేజీ లెక్చరరు కోల్డ్ స్టోరేజీ సిమెంటు ఆవరణలో జరిగే పందెం కోసం వచ్చాడు. ఆచారి గారు తిడతారని భయపడి, పెద్ద చక్రమే ఉంచి కాస్త సరిచేయమన్నాడు. ఆయన నవ్వి, పదిహేడుకి నేనేమన్నా పగవాణ్ణా అని అడిగి, మలుపులన్నీ గట్టినేల మీదే కాబట్టి పదిహేడంగుళాల రిమ్మూ వెడల్పు టైరూ వేసి పంపారు. లెక్చరరు మొదటి బహుమతి కొట్టుకొచ్చి ఆయన కాళ్లకు దండం పెట్టాడు.

ఇక నా సంగతి. నేను పశువుల డాక్టర్ని. ఎత్తు అయిదడుగులకు ఒక అంగుళం తక్కువ. పొలాల దారులకు పనికొస్తుందని పొడుగాటి డ్యూయల్ స్పోర్ట్ బండి కొన్నాను గానీ దాని మీద కూర్చుంటే నా కాళ్లు గాల్లో ఉండేవి. మొదటి నెలలోనే ఒక ఊరి రచ్చబండ ముందు, పదిమంది చూస్తుండగా, ఆపబోయి పక్కకు పడ్డాను. కోటేశ్వరమ్మ గారనే పాడిరైతు నన్ను లేవదీసి, మళ్లీసారికి మగ డాక్టర్ని పంపమని ఆఫీసులో చెప్పమ్మా అన్నారు. ఇంకొక్కసారి పడితే ఆ ఊళ్లో నా వైద్యం ఎవరికీ అక్కర్లేదని అర్థమైంది. పదిహేడంగుళాల చక్రం వేయిస్తే బండి కిందికి దిగుతుంది, కాలు ఆనుతుంది, పరువు దక్కుతుంది.

కానీ పర్చూరు నల్లరేగడి పట్టుకెళితే ఆచారి గారు చచ్చినా ఒప్పుకోరు. అందుకని వేటపాలెంలో మా పిన్ని ఇంటి ముందు ఇసుకమట్టి కవర్లో వేసుకుని వెళ్లాను. ఆయన దాన్ని అరచేతిలో పరిచి, నిదానంగా కెలికి, ఒక నల్లటి ముక్కను పైకి తీశారు. జీడిగింజ పెంకు.

"పర్చూరు పొలాల్లో జీడితోటలు ఎప్పుడేశారు డాక్టరమ్మా?"

నా ముఖం మాడిపోయింది. ఏడుపు ఆపుకుంటూ పడిన సంగతీ, కోటేశ్వరమ్మ గారి మాటా చెప్పాను. ఆయన తిట్టలేదు.

"కాలు పొట్టిదైతే సీటు కోద్దాం. దారి పొట్టిది కాదుగా, చక్రం కొయ్యడం దేనికి?"

సీటు స్పాంజి రెండంగుళాలు కోశారు. వెనక స్ప్రింగు సర్ది బండిని కొంచెం దించారు. ముందు చక్రం పుల్లలు విప్పి మళ్లీ బిగించారు గానీ దాని సైజు మాత్రం ఇరవై ఒకటే. తర్వాత వారం రోజులు, షాపు పని మానుకుని మరీ, ఒక పక్కకు జరిగి ఒకే కాలు ఆనించి ఆపడం నాకు నేర్పారు. రెండు కాళ్లూ ఆనాలనుకునేవాళ్లు మంచం కొనుక్కోవాలని ఎగతాళి చేసేవారు.

ఆ శ్రావణంలో ముసురు పట్టింది. కోటేశ్వరమ్మ గారి గేదె ఈనలేక అల్లాడుతోందని కబురు. కొట్టం ఊరికి దూరంగా, పత్తిచేల అవతల. దారిలో ట్రాక్టరు ఇరుసుదాకా దిగబడి ఉంది. నాకంటే ముందు బయలుదేరిన రెండు బళ్ల చిన్న చక్రాలకూ మడ్‌గార్డులకూ మధ్య రేగడి కుక్కుకుపోయి, చక్రం తిరగక అక్కడే నిలబడిపోయాయి. నేను ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడ్డాను. సన్నటి పెద్ద చక్రం పైబురదను కోసుకుంటూ అడుగునున్న గట్టినేలను పట్టుకుంది. రెండుసార్లు బండి తోక ఊగింది. పడలేదు. కొట్టం దాకా వెళ్లాను!

దూడ తల వెనక్కి తిరిగి ఉంది. ముప్పావుగంట పట్టింది సరిచేసి లాగడానికి. పెయ్యదూడ. గేదె కూడా దక్కింది. కోటేశ్వరమ్మ గారు నేను చేతులు కడుక్కోవడానికి వేణ్నీళ్లు పోస్తూ, వానలోనూ చేల అవతలికి వినబడేట్టు ఒకే మాట అన్నారు.

"ఇంక మా ఊరికి ఈ పొడుగుబండి డాక్టరమ్మ తప్ప ఇంకెవరూ రానక్కర్లా."

మర్నాడు ఆవిడ ఇచ్చిన జున్నుపాలు గుంటూరు పట్టుకెళ్లాను. కథంతా చెబుతుంటే ఆచారి గారు నా వైపు చూడకుండా చక్రానికి పట్టిన రేగడిని పుల్లతో గీకుతూ కూర్చున్నారు. ఆ కళ్లల్లో నీళ్లు నాకు కనిపించాయి. ఆయన గెలుపు అది, నాది కాదు.

అంత్యక్రియల నాడు వీధి పొడవునా బళ్లు నిలిచాయి, మిర్చి రైతులవీ, లైన్‌మేన్‌లవీ, పందేలవాళ్లవీ. ఏ ఒక్కడూ ఆయన చేతి పని చెడిందని ఫిర్యాదు చెప్పలేదు. ఒక మనిషి జీవితానికి ఇంతకన్నా విజయం ఏముంటుంది?

ఏ సైజు కావాలండీ అని అడిగే షాపులు ఇప్పుడు గుంటూరు నిండా ఉన్నాయి. ఎక్కడికి వెళ్లాలమ్మా అని అడిగే షాపు ఒక్కటే ఉండేది. నేను వెళ్లాల్సిన చోటికి నన్ను నిలబెట్టి పంపిన ఆ మహానుభావుడికి రెండు చేతులూ జోడిస్తున్నాను. అలాంటి మనిషిని మళ్లీ చూడబోనని నాకు తెలుసు.