పెదనాయన మూయని డిస్కులు

మా పెదనాయన పోయి ఇవాళ్టికి ఇరవై రోజులు. తిరుపతిలో నేను బడికి బయల్దేరుతుంటే నగరి నుంచి ఫోన్ వచ్చింది. "పాపా, కొత్త పడుగు అతకాలని మగ్గం కాడ కూర్చోనినాడు మీ పెదనాయన. అట్లే వాలిపొయినాడు" అంది పెద్దమ్మ. ఆయన గురించి మీకు చెబుదామని కూర్చుంటే, ఆయన వీడియో డిస్కుల ముందు నేను ఓడిపోవడమే ముందు గుర్తొస్తోంది. చివరికి గెలిచాం లెండి, అదీ చెబుతాను.

వీధంతా పవర్‌లూమ్‌లకు మారిపోయినా ఆయన చేతిమగ్గం వదల్లేదు. ఇంట్లో బియ్యం నిండుకున్నాయి అంటామే, అలా ఆయనా పడుగు నిండుకుంది అనేవాడే తప్ప అయిపోయిందని అనేవాడు కాదు. నిలువుగా సాగే ఆ పాత పడుగు దారాలను పూర్తిగా లాగేసేవాడూ కాదు. మగ్గంలో జానెడు కొసలు వదిలి, కొత్త పడుగు దారాలను ఒక్కొక్కటిగా వాటికి అతికేవాడు. "కొసలుంటే చాలు పాపా, మగ్గం మళ్లా నడుస్తాది" అనేవాడు. ఇంకో పట్టింపు కూడా ఉండేది. నేసిన చీరను మగ్గం మీది నుంచి తను కోసేవాడు కాదు. కత్తెర పెద్దమ్మ చేతిలోనే ఉండాలి. ఆమె ఊళ్లో లేకపోతే చీర రెండు రోజులైనా అలాగే ఉండేది.

పదిహేనేళ్ల కిందట చెన్నైలో ఎవరో వాడి వదిలేసిన వీడియో కెమెరా ఒకటి కొనుక్కొచ్చాడు. అరచేతిలో పట్టే చిన్న డీవీడీల మీద నేరుగా రికార్డయ్యే రకం. అప్పట్నుంచి మా బంధువుల ఇళ్లలో ఏ శుభకార్యానికీ ఆయన నుంచి తప్పించుకునే దారి లేకపోయింది. అందరూ పంక్తిలో కూర్చుని తింటుంటే ఆయన ఆకుల చుట్టూ తిరిగేవాడు. "ఈ పక్క సూడు. నవ్వద్దు. మామూలుగా ఉండు" అనేవాడు. ఆ మాటతో నవ్వనివాళ్లూ నవ్వేవాళ్లు. నా పెళ్లిలో నా ముఖం కంటే తను నేసిన నా చీర అంచునే ఎక్కువ తీశాడు. ఇదేం అన్యాయమని పోట్లాడితే, "ముఖం యాడికి పోతాది? అంచు సూడు, ఎంత బాగా పడిందో" అన్నాడు. తను మాత్రం ఒక్క వీడియోలోనూ లేడు.

ఆయన పోయిన మూడోనాడు పెద్దమ్మ ఒక బిస్కెట్ డబ్బా తెచ్చి నా ఒళ్లో పెట్టింది. లోపల తొమ్మిది డిస్కులు.

"పెద్దకర్మకు అందురూ వస్తారు. మీ పెదనాయన గొంతు ఒక్కసారి ఇనిపించు పాపా. ఫోటో మాట్లాడదు గదా."

మా ఎవరి ఫోన్లోనూ ఆయన గొంతు లేదు. వాట్సాప్ జోలికి పోని మనిషి. ఆ గొంతు ఎక్కడైనా మిగిలి ఉంటే ఆ డబ్బాలోనే ఉండాలి. నేను కంప్యూటర్ టీచర్ని. అదెంత పని పెద్దమ్మా అనేశాను.

ల్యాప్‌టాప్‌కు డీవీడీ డ్రైవ్ తగిలించి డిస్కు పెట్టాను. ఖాళీ డిస్కు అంది. కొత్తగా సిద్ధం చేయమంటారా అని కూడా అడిగింది. ఔననుంటే ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోయేది. తొమ్మిదీ అంతే. మెత్తటి గుడ్డతో తుడిచాను, డ్రైవ్ మార్చాను, ఇంకో ల్యాప్‌టాప్ తెచ్చాను. రేణిగుంటలో ఒక స్టూడియో అతనికి చూపిస్తే, "దీంట్లో ఏమీ లేదు మేడం, పారెయ్యండి" అన్నాడు. ముఖం వేలాడేసుకుని నగరి వచ్చి, "పెద్దమ్మా, అన్నీ ఖాళీయేనంట" అన్నాను.

ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు, కోప్పడింది. డిస్కు తీసుకుని కిటికీ దగ్గరికి పోయి, నేతలో తెగిన పోగును వెతికినట్టు వెలుతురుకు అటూ ఇటూ వంచింది.

"ఖాళీ అంటావేంది మే? కండ్లుండాయా నీకు? సూడు. ఈడిదాకా నేసినాడు. ఈడి నించి నెయ్యలేదు."

చూశాను. లోపలి సగం ఒక రంగు, బయటి సగం ఇంకో రంగు. మధ్యలో గీత గీసినట్టు తేడా. నా చదువంతా ఆ కిటికీ దగ్గర చిన్నబోయింది.

అప్పుడు వెలిగింది. అలాంటి కెమెరాలో రికార్డు చేశాక డిస్కును మూయాలి. అందుకో మీట ఉంటుంది. మూస్తేనే వేరే యంత్రాలు చదువుతాయి, కానీ ఆపైన కొత్తగా ఏమీ ఎక్కించలేం. పెదనాయన ఒక్కటీ మూయలేదు! డిస్కు మూయమని ఎప్పుడో నేనే చెబితే ఆయన అన్న మాట గుర్తొచ్చింది: "మూసేస్తే మళ్లా యాడ అతికేది? ఇంకా చోటుండాది గదా." డిస్కుకు కూడా కొసలు వదిలిన మనిషి ఆయన. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

పాత పంచెలో చుట్టిన కెమెరాను పెద్దమ్మ బీరువాలోంచి తీసింది. బ్యాటరీ చచ్చిపోయి ఉంది. చార్జరు వైరును నేరుగా గోడ ప్లగ్గులో పెడితే కెమెరా మీద ఎర్రదీపం వెలిగింది. బడిపిల్లలా కేక పెట్టాను. కానీ మూస్తున్నప్పుడు కరెంటు తడబడితే డిస్కు పాడవుతుంది. మా వీధిలో మగ్గాలన్నీ నడుస్తుంటే లైట్లు గుడ్డిగా వెలుగుతాయి. పెద్దమ్మ గుమ్మంలోకి పోయి పక్కింటి పవర్‌లూమ్ ఆయనకు సంగతి చెప్పింది.

"అంతేనా అక్కా? అన్న గొంతు కోసం ఆ మాత్రం ఆపలేమా?" అన్నాడాయన.

ఒక్కొక్క ఇంట్లోనే మగ్గం ఆగుతూ వచ్చింది. పట్టపగలు ఆ వీధిలో కాకి అరుపు వినబడింది.

ఇక దీనిలో రికార్డు చేయడం కుదరదు, సరేనా అని కెమెరా అడిగింది. నా వేలు ముందుకు పోలేదు. ఆయన మూయనిది నేనెలా మూసేది?

"జరుగు" అంది పెద్దమ్మ. "ఆయన నేస్తే కోసేది ఎప్పుడూ నేనే." నొక్కింది.

కొన్ని నిమిషాల తర్వాత డిస్కును ల్యాప్‌టాప్‌లో పెట్టాను. ముందు నా పెళ్లిచీర అంచు కనిపించింది. ఆ వెంటనే, "ఈ పక్క సూడు. నవ్వద్దు. మామూలుగా ఉండు."

ఇద్దరం ఎగిరి గంతేశాం. డెబ్బై ఏళ్ల మనిషి నా చేతులు పట్టుకుని గంతేసింది! గుమ్మంలో జనం నిండిపోయారు. "ఇన్నారా? మా ఆయప్ప గొంతు ఇన్నారా?" అని ఏడుస్తూ నవ్వుతూ అందరినీ అడిగింది. వీధి మగ్గాలు ఇంకో గంట ఆగే ఉన్నాయి, ఎవరూ కదల్లేదు.

పెద్దకర్మ రోజు టీవీలో ఎనిమిది డిస్కులు వేశాం. తొమ్మిదోదాన్ని పెద్దమ్మ మూయనివ్వలేదు. భోజనాలవుతుండగా దాన్ని కెమెరాలో పెట్టి ఎలా నడపాలో చూపించమంది. చూపించాను. కంటికి ఆనించుకుని, వైరు నేల మీద ఈడ్చుకుంటూ పంక్తి ముందు నిలబడింది.

"ఈ పక్క సూడండి. నవ్వద్దు. మామూలుగా ఉండండి."

తింటున్నవాళ్లంతా పగలబడి నవ్వారు, నేను కూడా. ఆమె మెల్లగా మగ్గం వైపు తిరిగింది. పెదనాయన అతకబోతూ వదిలిన జానెడు కొసలు అక్కడ వరసగా వేలాడుతున్నాయి. కెమెరా వాటి మీద ఆగింది, ఎర్రదీపం వెలుగుతూనే ఉంది.