పిన్నితో గాజు కొట్టుకి

నీ హాబీ ఏమిటని ఎవరైనా అడిగితే ముందు అబద్ధం చెబుతాను. హైకింగ్ అంటాను. హైకింగ్ అన్నాక ఎవరూ రెండో ప్రశ్న వేయరు. గాజు కరిగిస్తానని నిజం చెబితే మాత్రం మనవాళ్లకి వెంటనే చేతులకి వేసుకునే గాజులు గుర్తొస్తాయి. "ఎమ్మెస్ చేసి గాజులమ్ముతావుట్రా?" అని నాన్న స్నేహితుడొకాయన అడిగారు. "బండి కూడా చూసుకున్నా అంకుల్, మీ వీధికి మంగళవారాలు వస్తా" అన్నాను. ఆయన నవ్వలేదు. మంగళవారం కూడా ఎదురుచూసి ఉండరు.

నిజానికి నేను చేసేది చాలా చిన్న పని. రంగు గాజు పలకల్ని కావలసిన ఆకారంలో కోసి, ఒకదానిమీద ఒకటి పేర్చి, చిన్న కరెంటు బట్టీలో పెడితే అవన్నీ మెత్తబడి ఒకటే పలక అవుతాయి. న్యూజెర్సీ ప్లెయిన్స్‌బరోలో అమ్మావాళ్ల గరాజ్‌లో, బియ్యం బస్తాల పక్కన, నా బట్టీ ఉంది. నేనుండే జెర్సీ సిటీ అపార్ట్‌మెంట్‌లో అగరొత్తి వెలిగిస్తేనే అలారం మోగుతుంది. అందుకని శనివారాలు రైలెక్కి వెళ్లి, గాజు కరిగించుకుని వస్తాను. నేను తనకోసం వస్తున్నానని అమ్మ అనుకుంటుంది. ఇలాంటి అపోహల్ని సరిదిద్దే అలవాటు నాకు లేదు.

ఈ పనిలో ఒకటే రూలు. కలిపే గాజులన్నీ ఒకే నంబరువి కావాలి. వేడికి ఎంత సాగుతుంది, చల్లారితే ఎంత ముడుచుకుంటుంది అన్నదాన్ని బట్టి గాజుకి నంబరు ఉంటుంది. నేను వాడేది తొంభై ఆరు. దానికి తొంభైని కలిపితే బట్టీలో బుద్ధిగానే కలిసిపోతాయి. బయటికి తీశాక, ఒక్కోసారి వారం తర్వాత, మనం టీవీ చూస్తుండగా టిక్కుమని పగులుతాయి. ఇందులో మానవ సంబంధాల గురించి గొప్ప సత్యం ఉందని ఒక ఫ్రెండ్ అన్నాడు. ఇందులో ఉన్నది గాజు మాత్రమేనని చెప్పి అతని కాఫీ బిల్లు అతనిచేతే కట్టించాను.

పోయినేడు ఒక పెద్ద పళ్లెం మొదలుపెట్టి సగంలో ఆగిపోయాను. దానికి కావలసిన ఆకుపచ్చ, విరిచిన చింతకాయ లోపల కనిపించే రంగు, తయారీ ఆపేశారు. వెతగ్గా వెతగ్గా అరిజోనాలో, చాండ్లర్‌కి నలభై నిమిషాల దూరంలో, ఒక పెద్దావిడ నడిపే చిన్న కొట్టులో ఉందని తెలిసింది. ఫోన్ చేశాను. ఆవిడ కొట్టు మూసేసి రిటైరవుతోందట. గాజు ఉంది గానీ పోస్టులో పంపదట. "పంపితే నీకు ముక్కలు అందుతాయి. కావాలంటే వచ్చి తీసుకెళ్లు" అంది.

చాండ్లర్‌లో మా పిన్ని ఉంటుంది. అమ్మ చెల్లెలు. నాకు ఆరేళ్లప్పుడు, అమ్మ ఫార్మా కంపెనీలో షిఫ్టులు చేస్తున్న రోజుల్లో, పిన్ని రెండేళ్లు మాతోనే ఉంది. నాకు షూ లేసులు కట్టుకోవడం నేర్పింది. స్కూల్లో నేను చేసిన వెధవ పనులకి అమ్మ బదులు వెళ్లి, టీచర్ ముందు నిలబడి నా తరఫున సారీ చెప్పి వచ్చేది. తర్వాత పెళ్లయింది. బాబాయ్‌ది కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీ ఉద్యోగం, అరిజోనా వెళ్లిపోయారు. ఆ ఇంటికి నేను ఒక్కసారీ వెళ్లలేదు. గృహప్రవేశానికి రమ్మంటే ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉందన్నాను. పిన్నికి మోకాలి ఆపరేషన్ అయినప్పుడు వాట్సాప్‌లో ఒక స్టికర్ పంపాను. గంతులేస్తున్న కప్ప.

కొట్టావిడ ఫోన్ పెట్టేసిన ఐదు నిమిషాలకి పిన్నికి ఫోన్ చేశాను.

"నిన్ను చూడాలనిపించింది పిన్నీ."

అవతల టీవీ సౌండు తగ్గించింది.

"ఒంట్లో బాగానే ఉందా నాన్నా?"

"బాగానే ఉంది."

"ఉద్యోగం?"

"ఉంది."

"అయితే రా" అంది.

శుక్రవారం మధ్యాహ్నం ఎయిర్‌పోర్టుకి తనే వచ్చింది. పిన్ని ఒక డెంటల్ క్లినిక్‌లో ఫ్రంట్ డెస్క్ చూస్తుంది. నాకోసం రెండు రోజులు లీవు పెట్టిందట. ఇంటికి వెళ్లే దారిలో ముగ్గురు ఫోన్ చేశారు. ముగ్గురికీ స్పీకర్‌లో అదే మాట. "మా అక్క కొడుకొచ్చాడు. ఆఁ, పనేం లేదు, నన్ను చూడ్డానికే వచ్చాడు. రేపు సాయంత్రం పాట్‌లక్ పెట్టా, మీరూ రావాలి." నేను కిటికీలోంచి కాక్టస్‌ల వంక చూశాను. అవి కూడా చేతులెత్తేసి నిలబడ్డాయి.

శనివారం పెసరట్టు తింటూ, అప్పుడే గుర్తొచ్చినట్టు అన్నాను. "ఇక్కడ దగ్గర్లో ఏదో గాజు షాపుందిట పిన్నీ. కారు బుక్ చేసుకుని అలా వెళ్లి పది నిమిషాల్లో వచ్చేస్తా."

"నేనుండగా కారు బుక్ చేసుకోవడమేంట్రా? పద, నేను డ్రైవ్ చేస్తా."

ఫోన్‌లో మ్యాపు చూసింది. "నలభై నిమిషాలంటోందే?"

"ఫ్రీవే ఖాళీగా ఉంటే పదే."

"ఎగిరితే పది" అంది బాబాయ్ వైపు చూసి. ఆయన పేపర్లోంచి తలెత్తకుండా నవ్వారు.

కొట్టు ఒక నెయిల్ సెలూన్‌కీ టైర్ల షాపుకీ మధ్య ఉంది. లోపల చెక్క అరల్లో గాజు పలకలు లైబ్రరీ పుస్తకాల్లా నిలబెట్టి ఉన్నాయి. కొట్టావిడ పది వేళ్లలో ఆరింటికి బ్యాండేజీలు. ఇది నమ్మదగిన మనిషి అనుకున్నాను. పిన్ని కుంటుకుంటూ అరల మధ్య తిరిగి, గాజు పొడి ఉన్న సీసాల దగ్గర ఆగింది. "ఇదుగోరా, ఇది బొంబాయి రవ్వ. ఇది ఇడ్లీ రవ్వ. ఇది ముగ్గుపిండి. అన్నీ ఉన్నాయి, ఉప్మా చేసుకోవచ్చు" అని తనలో తను నవ్వుకుంది. నేను ఊఁ అన్నాను. నా కళ్లు ఆకుపచ్చ మీద ఉన్నాయి.

పది నిమిషాలని చెప్పిన పని గంటన్నరయింది. నేను పలకలు ఏరుతూ, పళ్లెం గురించీ, తొంభై ఆరు నంబరు గురించీ కొట్టావిడతో ఇంగ్లీషులో ఊదరగొడుతున్నాను. ఆవిడ ఆశ్చర్యపోయి, న్యూజెర్సీ నుంచి ఇంత దూరం దీనికోసమే వచ్చావా అని అడిగింది.

"దీనికోసమే" అన్నాను. "ఇక్కడ చుట్టాలున్నారు, అది బోనస్. రూము ఫ్రీ, భోజనం ఫ్రీ, కాకపోతే వద్దన్నా పెడతారు. సర్వీసుకి నాలుగు స్టార్లు ఇవ్వొచ్చు."

ఆవిడ పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. పిన్ని నాకు రెండడుగుల దూరంలో, చేతిలో ఇడ్లీ రవ్వ సీసాతో నిలబడి ఉంది.

అమెరికాలో మనవాళ్లందరికీ ఒక అలవాటు ఉంది. కొట్టువాడి ఎదురుగా నిలబడే, "వీడు మరీ ఎక్కువ చెబుతున్నాడు, పద" అని తెలుగులో అనుకుంటాం. వాడి ముఖంలోకి చూసి నవ్వుతూ మరీ అనుకుంటాం. ఇక్కడ పెరిగిన మేము దాన్నే తిరగేసి వాడతాం. పెద్దవాళ్ల ముందు గబగబా, సగం మాటలు మింగేస్తూ ఇంగ్లీషు మాట్లాడితే తలుపు వేసుకున్నట్టే అనుకుంటాం. పిన్ని నాతో ఎప్పుడూ తెలుగే మాట్లాడుతుంది. కాబట్టి ఆమెకి వచ్చింది తెలుగేనని నా బుర్ర ఎప్పుడో తీర్మానించుకుంది. ఏళ్ల తరబడి పొద్దున్నించి సాయంత్రం దాకా ఇన్సూరెన్స్ కంపెనీలతో ఫోన్‌లో పోట్లాడి గెలిచే మనిషి ఆమె. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ తలుపు వేసుందనే అనుకున్నాను.

పిన్ని సీసా అరలో పెట్టి కౌంటర్ దగ్గరికి వచ్చింది. నేను ఏరిన పలకల అంచుల మీది స్టికర్లు ఒక్కొక్కటే తిప్పి చూసింది. నాలుగోది పక్కకి తీసి కొట్టావిడతో ఇంగ్లీషులో అంది. "ఎక్స్‌క్యూజ్ మీ, దీనిమీద తొంభై అని ఉంది. అన్నీ తొంభై ఆరే ఉండాలని తను మీకు చెప్పాడు కదా. ఇది పొరపాటున వచ్చినట్టుంది." ఒక్క మాట తడబడలేదు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. చల్లగా, శుభ్రంగా, క్లినిక్‌లా ఉంది.

కొట్టావిడ కళ్లజోడు పెట్టుకుని చూసి, నిజమే, మీ కళ్లు బాగా చురుకు అంది. థాంక్యూ అంది పిన్ని. నా వైపు చూడలేదు. పలకలన్నీ సూట్‌కేసులో పట్టేలా చిన్నగా కోయించింది, అంచులకి టేపు వేయించింది, విమానంలో వెళ్లాలి జాగ్రత్త అని చెప్పింది.

నా చెవులు కాలిపోతున్నాయి. గంటన్నరలో నేను చెప్పిందంతా ఆమె వింది. నంబరు కూడా గుర్తుపెట్టుకుంది. నంబరు వినపడినప్పుడు నాలుగు స్టార్లు వినపడకుండా పోవు.

కారులో పిన్ని అడిగింది ఒకటే. "ఏసీ ఎక్కువైందా?" లేదన్నాను. ఆ నలభై నిమిషాలూ నేను ఒక్క జోకు వేయలేదు. నా జీవితంలో అదొక రికార్డు. గమనించడానికి ఎవరూ ఖాళీగా లేరు.

సాయంత్రం పాట్‌లక్‌కి తలా ఒక వంటకం పట్టుకొచ్చి ఇల్లంతా నింపేశారు. అల్యూమినియం ట్రేల్లో పులిహోర, బగారా బైంగన్, ఎవరో పిల్లలకని తెచ్చిన పాస్తా. పక్కింటి ఆంటీ ప్లేటు పట్టుకుని నా దగ్గరికొచ్చి, "పిన్నిని చూడ్డానికే వచ్చావట కదా, ఎంత మంచి పిల్లాడివి! మావాడు గంటన్నర దూరంలో, ట్యూసన్‌లో ఉండి కూడా రాడు" అంది.

నేను నోరు తెరిచేలోపే పిన్ని వెనకనుంచి అంది. "లేదండీ, గాజు కొనుక్కోడానికి వచ్చాడు. పనిలో పని, మమ్మల్నీ చూసి పోతున్నాడు. మాకు నాలుగు స్టార్లు కూడా ఇచ్చాడు."

అందరూ నవ్వారు. చాలా బాగా పేలింది. ఆ ఒడుపు, ఆ మామూలు ముఖం, అన్నీ నావే. నేను కూడా నవ్వాలి కాబట్టి నవ్వాను. నవ్వుతూనే పులిహోరలో ఎండుమిరపకాయ కొరికాను. ఆంటీ నీళ్లందించి, నెమ్మది నాన్నా అంది. నిన్న ముగ్గురికి గర్వంగా చెప్పుకున్న మాటని పిన్ని అందరి ముందూ తనే తీసేసింది. ఇంకెవరో తీసేలోపు.

ఆదివారం పొద్దున నేను లేచేసరికి నా సూట్‌కేసు హాల్లో తెరిచి ఉంది. పిన్ని కింద కూర్చుని, ఆపరేషన్ అయిన కాలు బారజాపి, ఒక్కో పలకనీ ఒక్కో గుడ్డలో చుడుతోంది. క్లినిక్‌కి వేసుకెళ్లే పాత స్క్రబ్ చొక్కాలు అవి. లేత నీలం మీద నవ్వుతున్న దంతాల బొమ్మలు.

"నేను చుట్టుకుంటా కదా పిన్నీ."

"నువ్వు చుడితే చూశాంలే. నంబరే చూసుకోలేదు."

ఎయిర్‌పోర్టులో డిపార్చర్స్ దగ్గర కారు ఆపింది. దిగలేదు నేను.

"పిన్నీ, నేను గాజు కోసమే వచ్చాను."

"తెలుసు."

"కొట్లో నేనన్నది..."

"అంతకుముందే తెలుసురా. ఫోన్‌లోనే. చూడాలనిపించింది అన్నావు. మనింట్లో ఎవడైనా అలా మాట్లాడతాడా? ముందు జబ్బేదో చేసిందనుకున్నా. తర్వాత ఉద్యోగం పోయిందనుకున్నా. రెండూ కాదన్నావు. సరే, ఏదో పనుండి వస్తున్నాడులే అనుకున్నా."

"మరి అందరికీ అలా చెప్పావు?"

"చెప్పుకోవాలనిపించింది. చెప్పుకున్నా."

స్టీరింగ్ మీంచి చేతులు తీయకుండా అద్దంలో వెనక కార్ల వంక చూసింది. "పనికోసం వచ్చినా రావాల్సిందే. దానికేం అనుకోను. పక్కనే నుంచున్నా కదరా. నాకర్థం కాదనుకున్నావు చూడు..." అని ఆపేసింది.

ఐదో స్టారు ఇచ్చేస్తా పిన్నీ, అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. దాన్ని మింగేశాను. చిన్నప్పుడు నా సారీలన్నీ ఆమే చెప్పేసింది కాబట్టి నాకు సొంతంగా ప్రాక్టీసు లేదు. "సారీ పిన్నీ" అన్నాను. ఫంక్షన్‌కి ముందు మైకు టెస్టు చేసినట్టు వచ్చింది. వెనక కారువాడు హారన్ కొట్టాడు.

"దిగు, ఫ్లైటు మిస్సవుతావు" అంది.

సెక్యూరిటీలో సూట్‌కేసు తెరిపించారు. ఆఫీసరు దంతాల బొమ్మల చొక్కా ఒకటి విప్పి, లోపల గాజు చూసి, మీరు డెంటిస్టా అని అడిగాడు. కాదు, మా పిన్నివి అన్నాను. ఆయన ఇంకేదో అడుగుతాడనుకున్నాను. అడగలేదు, జాగ్రత్తగా మళ్లీ చుట్టేశాడు. పిన్ని చుట్టినంత బాగా కాదు.

పళ్లెం పూర్తయింది. నెల దాటింది, ఇంకా టిక్కుమనలేదు. ఆ తొంభై నంబరు పలక కూడా వచ్చేసి ఉంటే ఈపాటికి రెండయ్యేది. దాన్ని చూసినప్పుడల్లా బాగుందనిపించడానికి ముందు ముఖం వేడెక్కుతుంది. చొక్కాలు ఉతికి, ఇస్త్రీ చేసి, మడతపెట్టాను. అమ్మ చూసి ఇవెవరివని అడిగింది. చెప్పాను. మొత్తం చెప్పాను. అమ్మ ఒక చొక్కా మడత విప్పి మళ్లీ పెట్టింది. తర్వాత, "నువ్వు శనివారాలు వచ్చేది కూడా బట్టీ కోసమేనా?" అంది. అవునన్నాను. ఈసారి అపోహ సరిదిద్దాను.

నిన్న పిన్ని సెల్ ఎత్తకపోతే క్లినిక్ నంబరుకి చేశాను. క్లినిక్ పేరు చెప్పి, మీకెలా సహాయపడగలనంటూ ఇంగ్లీషులో అదే చల్లటి గొంతు.

"నేనే పిన్నీ. నెలాఖరుకి వస్తున్నా. నీ చొక్కాలు ఇవ్వాలి."

"పాత గుడ్డలురా అవి. పారెయ్."

"కాదు, వస్తాను."

అవతల ఇంకో ఫోను మోగుతోంది.

"ఈసారి ఏ కొట్టు మూసేస్తున్నార్రా?" అంది.

జోకులు నాలుగు వరసగా వచ్చి నిలబడ్డాయి. దేన్నీ రానివ్వలేదు. "ఏ కొట్టూ లేదు" అన్నాను. నిజమే, కానీ నా నోట్లోంచి వచ్చేసరికి అబద్ధంలానే వినపడింది. ఆమెకీ అలాగే వినపడి ఉంటుంది.

"ఇంకో లైన్ మోగుతోంది. హోల్డ్‌లో ఉండు" అంది.

రోజుకి రెండుసార్లు పళ్లు తోముకోండి, ఆరు నెలలకొకసారి తప్పకుండా వచ్చి చూపించుకోండి అని ఒక రికార్డింగు ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టింది. అది మూడోసారి తిరిగి వస్తోంది. నేను ఫోన్ పెట్టేయలేదు.