ఎర్రగుంట్ల దావలో లేని మనుషులు

పిల్లలూ, ఒక బరువును ఎన్నో ఏళ్లుగా మోస్తున్నాను. మీ తాత పోయేటప్పుడు ఆయనకు కూడా చెప్పలేదు. మొన్న మీరు ఫోన్లో, "అవ్వా, మంచం, పొయ్యి అన్నీ ఉండే బండి బాడుగకు తీసుకుని కొండల్లోకి పోతాండాం, ఏ దావ మంచిదో చెప్పు" అని నవ్వుతూ అడిగారు. నేను ఫోను మీ అమ్మ చేతిలో పెట్టేశాను. ఎందుకో ఇప్పుడు చెబుతాను.

పెళ్లికి ముందు జమ్మలమడుగు ఆస్పత్రిలో నర్సుగా నేను తిరిగిన బండీ అలాంటిదే. లోపల రెండు మంచాలు, కిరసనాయిలు స్టవ్వు, మందుల బీరువా, వెనక పెద్ద నీళ్ల ట్యాంకు. ఊరూరా ఆగి వైద్యం చేసేవాళ్లం. తోలేది ఏసోబన్న.

ఆ రోజు పులివెందుల పక్క ఒక ఊరికి పోవాలి. ముద్దనూరు ఘాటు దావలో కొండ ఎక్కి దిగితే దగ్గర. ఏసోబన్న మాత్రం ప్రొద్దుటూరు, ఎర్రగుంట్ల మీదుగా చుట్టు దావలో పోదామన్నాడు. ఆ ఊళ్లో బావులు ఎండిపోయాయని ట్యాంకు నిండా నీళ్లు పట్టాం. అంత బరువుతో ఘాటు దిగకూడదని ఆయన మాట.

నేను దువ్వూరు చేలల్లో పెరిగినదాన్ని. కొండను దూరం నుంచి చూడటమే తప్ప ఎక్కింది లేదు. ఘాటు పైనుంచి చూస్తే పెన్న మొత్తం కనబడుతుందని అందరూ చెప్పుకునేవారు. ఒక్కసారి చూడాలనిపించింది. అంతే. ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా దొరుకుతుందేమోనని ఎన్నిసార్లు నాలో నేను వెతుక్కున్నానో.

అవి పార్టీ కక్షల రోజులు. దావలో ఎత్తుపల్లాలు కాదు, ఏ పార్టీ ఊళ్లున్నాయో చూసుకుని బయలుదేరేవాళ్లు. ఫలానా చోట బండ్లు ఆపుతున్నారని ఎవరైనా అంటే, నీకెవరు చెప్పారని ఎదురడిగేవాళ్లు కాదు. అడిగితే మనల్నీ ఒక పక్షంలో కలిపేస్తారు. నాకది తెలుసు. తెలిసే అన్నాను.

"ఎర్రగుంట్ల దావలో బండ్లు ఆపుతాండారంటన్నా."

"మనది మందుల బండి గదా పాపా. మనల్నేం జేస్తారు?"

"బాంబుకేం తెలుస్తాదన్నా, మందుల బండో కాదో?"

ఆయన స్టీరింగు మీద వేళ్లు ఆడించాడు. "సరే పద. కొండకైతే పార్టీ లేదులే" అని నవ్వాడు.

పైకి చేరాక వెనక్కి తిరిగి చూశాను. ఎర్రటి బండల కింద, నల్లరేగడి చేల మధ్య పెన్న ఇసుక తెల్లగా మెరుస్తూ పడుకుని ఉంది. మబ్బుల నీడలు ఊళ్ల మీదుగా నడిచిపోతున్నాయి. ఇంత పెద్ద లోకంలోనా మనుషులు పార్టీలని నరుక్కుంటున్నారు అనుకున్నాను. అప్పటికే నోట్లో అబద్ధం ఉన్నదాన్ని నేను.

దిగేటప్పుడు కాలిన వాసన వచ్చింది. బ్రేకు పట్టలేదు. ట్యాంకులో నీళ్లు వెనకనుంచి తోస్తున్నాయి. నా పక్క లోయ. ఏసోబన్న బండిని తాను కూర్చున్న పక్క కొండకు ఆనించాడు. రాళ్లు తలుపును చీల్చుకుంటూ పోయాయి. బండి ఆగింది. ఆయన కుడిచెయ్యి తలుపుకూ కొండకూ మధ్య ఉండిపోయింది.

మోచేతి దాకా తీసేశారు. ఆ రోజు ఎర్రగుంట్ల దావలో బస్సులన్నీ మామూలుగానే తిరిగాయి. ఎవరైనా ఆ మాట ఎత్తితే, మనం రాలేదని వాళ్లు ఎళ్లిపోయింటారులే అనేవాడు ఏసోబన్న. తర్వాత ఆస్పత్రి గేటు దగ్గర కూర్చునేవాడు. నేను పోయినప్పుడల్లా ఎడమచెయ్యి ఎత్తి, "ఈ పాపే నా పేణం కాపాడింది" అని పక్కవాళ్లకు చూపించేవాడు. నేను తల వంచుకుని పోయేదాన్ని. అది అణకువ అనుకున్నారు జనం. ఎన్నిసార్లు ఆ గేటు దగ్గర నిలబడ్డానో. ఒక్కసారైనా నోరు ఎందుకు పెగల్లేదు? చెయ్యి పోయిన మనిషికి ఆ నమ్మకమైనా మిగలనీ అనుకున్నానా, లేక నా మంచిపేరే మిగుల్చుకున్నానా? ఇప్పుడు ఆయన లేడు.

ఆ పెన్న మాత్రం ఇప్పటికీ అంతే అందంగా కళ్లముందు ఉంది. అది మసకబారి ఉంటే నాకు కాస్త తేలికయ్యేదేమో.

మీరు దావ అడిగారు. బండి బరువు చూసుకోండి. ఎక్కిన గేరులోనే దిగండి. దావ సంగతి ఎవరు చెప్పినా, నీకెలా తెలుసని అడగండి. అవ్వ చెప్పినా సరే.

ఎర్రగుంట్ల దావలో ఆ రోజు ఎవరూ లేరు పిల్లలూ. ఎవరూ లేరు.