చీకట్లో “సెయ్యి!” అన్నదెవరు?

నవ్వకుండా వింటానంటేనే చెబుతాను. మా పాప మీద ఒట్టు... ఇందులో ఒక్క ముక్క కూడా నేను కల్పించింది కాదు.

మాది రైల్వే కుటుంబం. నాన్న శ్రీకాకుళం నుంచి రాయపూర్ వచ్చి ఇక్కడే ఉండిపోయారు. హైస్కూల్లో నేను రిలే పరుగు జట్టులో ఉండేదాన్ని. నాకు కర్ర అందించేది పద్మ. మా క్వార్టర్స్ పిల్లే. రిలేలో వెనక్కి చూడకూడదు. వెనక వస్తున్న పిల్ల కేక వేయగానే చెయ్యి చాపాలి, అంతే. అందరూ హిందీలో “హాథ్!” అని అరిచేవారు. పద్మ మాత్రం నాకోసం మా శ్రీకాకుళం యాసలో “సెయ్యి!” అనేది. రోజూ సాయంత్రం బూఢా తాలాబ్ చెరువు గట్టు మీద మా ఇద్దరికీ అదే సాధన.

రాష్ట్ర పోటీలో నేను వెనక్కి చూశాను. ఎందుకు చూశానో ఇప్పటికీ తెలియదు. కర్ర జారిపోయింది. ఓడిపోయాం. పద్మ తిట్టలేదు.

“ఏటే, ఏడుస్తావేటి? వచ్చే యేడు కొట్టేద్దాం, పక్కా” అంది.

వచ్చే యేటికి పద్మ లేదు. వాళ్ల నాన్నకు బదిలీ అయింది. రెండు ఉత్తరాలు వచ్చాయి... తర్వాత అవీ ఆగిపోయాయి.

ఇరవై ఏళ్లు గడిచాయి. పోయిన చలికాలం ఒకరోజు అమ్మకు మందులిచ్చి, ఊళ్లోనే మోవాలో ఉన్న మా ఇంటికి వస్తూ, ఆ గట్టు మీద నాలుగడుగులు వేద్దామనిపించి బండి దిగాను. రాత్రి ఏడు దాటింది. జనం పలచబడ్డారు. సగం దూరం నడిచానో లేదో... కరెంటు పోయింది.

నీళ్లు రాళ్లకు తగులుతున్న చప్పుడు... అంతే.

అప్పుడు వినిపించాయి. అడుగులు. నా వెనక... దూరంగా. టప్... టప్... టప్... బూట్ల చప్పుడు కాదు, వట్టి పాదాలు. పద్మ ఎప్పుడూ వట్టి పాదాలతోనే పరిగెత్తేది. కుడికాలు కాస్త గట్టిగా వేసేది. ఈ అడుగులూ... అలాగే పడుతున్నాయి.

దగ్గరయ్యాయి. ఊపిరి కూడా వినిపిస్తోంది...

“సెయ్యి!”

చాపాను. ఆలోచించలేదు. అరచెయ్యి పైకి పెట్టి, వెనక్కి చాపి నిలబడ్డాను. ఈసారి చూడలేదు. అడుగులు ఆగాయి. అరచేతికి వెచ్చగా ఏదో తగిలింది... గాలేనేమో... జనవరి గాలి వెచ్చగా ఉంటుందా?

లైట్లు వచ్చాయి. తిరిగి చూశాను. గట్టంతా ఖాళీ.

నిజం చెప్పనా? భయం తర్వాత వేసింది. ముందు ఏడుపొచ్చింది. లైట్లు అప్పుడే ఎందుకు వచ్చాయా అని.

గట్టు చివర గేటు దగ్గర వాచ్‌మన్‌ని అడిగాను, ఎవరైనా పరిగెత్తుకుంటూ వెళ్లారా అని.

“అంధేరే మే కౌన్ దౌడేగా, దీదీ?” అన్నాడు. చీకట్లో ఎవరు పరిగెడతారని.

పద్మకేదో అయిపోయింది... రాత్రంతా అదే ఆలోచన. తెల్లారాక అమ్మ పాత క్వార్టర్స్ వాళ్లనీ వీళ్లనీ అడిగి నంబరు సంపాదించింది. వెంటనే నొక్కాను.

“హలో, ఎవరండీ?”

అదే గొంతు! బతికే ఉంది.

“నేనే... రాయపూర్ లక్ష్మిని.”

“ఆఁ... లక్ష్మిగారా! బాగున్నారా అండీ?”

విశాఖలో ఉంటోందట. ఇద్దరు పిల్లలట. మోకాళ్ల నొప్పులట. రిలే సంగతి ఎత్తాను.

“మనం పరిగెత్తేవాళ్లమా? ఏమోనండీ, గుర్తే లేదు” అని నవ్వింది. కుక్కర్ కూత పెడుతోందని ఫోన్ పెట్టేసింది.

మరి ఆ రాత్రి నా వెనక వచ్చిందెవరు? రాయపూర్‌లో తెలుగువాళ్లు లేరా, ఎవరో ఎవర్నో పిలిచి ఉంటారు, అంటారు మా ఆయన. కావచ్చు. ఆ తర్వాత మూడు సాయంత్రాలు అదే వేళకు వెళ్లి నిలబడ్డాను. ఎవరూ రాలేదు.

నాకిప్పటికీ తేలనిది ఒకటే. ఫోన్లో నన్ను “అండీ” అన్న ఆవిడ పద్మా... చీకట్లో నన్ను చెయ్యి చాపమన్నది పద్మా?