పరదాలక్క కుట్టిన ముఖం

లారీల మీద కప్పే టార్పాలిన్లు, దుకాణాల ముందు వేలాడే పరదాలు కుట్టే ఆవిడను ఆ వీధిలో అందరూ పరదాలక్క అంటారు. ఆమె గది ఇరుకు. ఒక మిషను, దాని వెనక గోడ, గోడకో కిటికీ. గుడ్డ మాత్రం ఎప్పుడూ గదికంటే పెద్దది. కుట్టాల్సిన భాగం తలుపులోంచి లోపలికి వస్తుంటుంది. కుట్టిన భాగం కిటికీలోంచి జారి పెరట్లో మడతలు మడతలుగా పడుతుంటుంది. మధ్యలో ఆమె, ఏటి మధ్య రాయిలా.

ఊళ్ళోని ఫుట్‌బాల్ క్లబ్బు అభిమానులకు పెద్ద బొమ్మల గుడ్డ కుట్టేదీ ఆమే. ముఖ్యమైన మ్యాచ్ మొదలయ్యే ముందు దాన్ని స్టేడియంలో ఉత్తరం వైపు మెట్ల గ్యాలరీ, ఉత్తరం స్టాండు, కింది వరుసలో విప్పుతారు. వేల చేతుల మీదుగా అది పై వరుస దాకా పాకుతుంది. స్టాండంతా దాని కింద మునిగిపోతుంది. బొమ్మ ఎదుటి స్టాండు వాళ్ళకే. మోసేవాళ్ళకు కనిపించేది గుడ్డలోంచి వడకట్టుకొచ్చిన వెలుగు, పక్కవాడి చంక. ఏ అంచు ముందు పైకి వెళ్ళాలో చెప్పేది పరదాలక్క. కింది వరుసలో నిలబడి, అంచు తడిమి, "ఇదీ తల, లాగండి" అంటుంది. అందుకే తాను కుట్టిన ఏ బొమ్మనూ ఆమె ఇంతవరకూ నిండుగా చూడలేదు.

ఆ ఏడాది ఆఖరి మ్యాచ్‌కు ముందు స్పోర్టింగ్ డైరెక్టరు వెళ్ళిపోతున్నాడన్న వార్త వచ్చింది. ఏ ఆటగాణ్ణి తేవాలో, ఎవరిని వదులుకోవాలో తేల్చే మనిషి. మైకు ముందు నోరు విప్పడు కాబట్టి అభిమానులు ఆయన్ను సైలెంటు సారు అనేవాళ్ళు. ఎవరూ పేరు వినని ఊళ్ళ బురద మైదానాల్లోంచి ఆటగాళ్ళను ఏరి తెచ్చాడు. వాళ్ళు ఆడుతుంటే జనం కళ్ళార్పడం మరిచిపోయేవారు. ఇప్పుడాయన వెళ్తున్నది పక్క ఊరి క్లబ్బుకు. పేరెత్తితేనే ఇక్కడివాళ్ళకు ఒళ్ళు మండే క్లబ్బుకు.

సారును గౌరవంగా సాగనంపాలా, తిట్టాలా అని ఉత్తరం స్టాండు నిలువునా చీలింది. కుడివైపు వాళ్ళకు పెద్ద, సెలూన్ నడిపే బావ. వరసకే బావ. ఎడమవైపు వాళ్ళకు పెద్ద, పరదాలక్క తమ్ముడు, బస్సు డ్రైవరు. కబురొస్తే ఆమె సెలూన్‌కు వెళ్ళింది. తమ్ముడు కుర్చీలో ఉన్నాడు, ముఖం నిండా నురగ.

"మరదలా, సారు ముఖం కుట్టు. ఇంత పెద్దది. మాటలేం వద్దు, ముఖం చాలు" అన్నాడు బావ.

"కుట్టక్కా, కుట్టు. ముక్కు కాస్త పెద్దది పెట్టు. టమాటా విసిరితే గురి తప్పకూడదు" అన్నాడు తమ్ముడు.

"నోర్మూయ్‌రా. గొంతు మీద కత్తుంది."

"కోసెయ్ బావా. ఆ సారు ఎలాగూ మన గొంతు కోసి పోతున్నాడుగా. మావాళ్ళు ఒక్కడు కూడా ఆ గుడ్డ మీద వేలు పెట్టడు. ఎడమవైపు చచ్చిన పాములా పడుంటుంది, చూస్కో."

తమ్ముడు మునుపు మిల్లులో పనిచేసేవాడు. మిల్లు మూతపడ్డాక మాట మానేశాడు. పెడితే తినేవాడు, పిలిస్తే తలెత్తేవాడు, అంతే. ఒక మధ్యాహ్నం ఆమె అతన్ని చెయ్యి పట్టుకుని స్టాండుకు లాక్కెళ్ళింది. సారు కొత్తగా తెచ్చిన బక్కపలచని ఆటగాడొకడు గీత పక్కనుంచి పరుగెత్తి, అడ్డొచ్చిన వాళ్ళందరినీ గాలిలా దాటి, గోలు కొట్టాడు. తమ్ముడు లేచి గావుకేక పెట్టాడు. మర్నాడు కూరలో ఉప్పెక్కువైందని విసుక్కున్నాడు. ఆమె పొయ్యి దగ్గర నిలబడి కళ్ళు తుడుచుకుంది.

ఆ సారుకు ఆమె ఎన్నడూ ఎదురుపడలేదు. ఆయన ఊరు దాటేలోగా ఆ స్టాండు ఆయనకు ఒకసారి దణ్ణం పెట్టాలి. కుడీ ఎడమా కలిసి పెట్టాలి. ఆమెకు కావలసింది అదొక్కటే.

కుట్టడం మొదలుపెట్టింది. ఒక్క కన్ను గది నేలంతా పరుచుకుంది. కనుపాప మీద కూర్చుని టీ తాగింది. చెవి కిటికీ దాటి పెరట్లోకి దిగింది. నుదుటి ముడతలు కుడుతుంటే చేతికింద దుక్కి దున్నిన నేల కదులుతున్నట్టుండేది.

చుట్ట చుట్టిన గుడ్డ అప్పగిస్తూ బావతో అంది: "ఈసారి నేను ఎదుటి స్టాండులో ఉంటా. లేచినా పడినా కళ్ళతో చూడాలి. చుట్టలో పైనున్న అంచే తల. తిరగెయ్యకండి."

"నాకు చెప్తావా మరదలా!" అన్నాడు బావ.

మ్యాచ్ రోజు ఎదుటి స్టాండులో ఆమెకు రెండు వరుసల ముందు, బూడిదరంగు కోటులో సైలెంటు సారు కూర్చున్నాడు. వెనకనుంచి పలచబడ్డ జుట్టు, ఒంగిన భుజాలు. ఉత్తరం స్టాండులో గుడ్డ కదిలింది. కుడివైపు చేతులు లేచాయి. ఎడమవైపు చేతులు కట్టుకునే ఉన్నాయి. అటు గుడ్డ వాళ్ళ తలల మీదే జారుతూ, ఈడ్చుకుంటూ వెళ్ళింది. ముందుగా పైకొచ్చింది గడ్డం. తర్వాత నోరు. అన్నిటికంటే కింద నుదురు.

గేటు దాటించేటప్పుడు చుట్టను తిరగేసేశారు.

అవతలి జట్టు అభిమానులు గొల్లుమన్నారు. "పెద్దాయన్ని చెట్టుకు గబ్బిలంలా వేలాడదీశార్రోయ్!" సారు చూపు మోకాళ్ళ మీదికి దిగింది.

ఎడమ అంచున, గుడ్డ బయట నిలబడ్డ తమ్ముడు స్టేడియం తెరమీద ఆ బొమ్మను చూశాడు. నవ్వుతున్న వాళ్ళనూ చూశాడు. బస్సు ఇంజను మీదుగా అరిచి రాటుదేలిన గొంతు మైదానం దాటి వచ్చింది.

"తిప్పండ్రా! తిడితే మనం తిడతాం, నవ్వడానికి వాళ్ళెవరు? తిప్పండి!"

కట్టుకున్న చేతులు విడివడ్డాయి. ఎడమవైపు గుడ్డ పైకి లేచింది. ఎడమవాళ్ళు పైకి తోస్తే, కుడివాళ్ళు కిందికి లాగారు. ఏమీ కనిపించకుండా, అరుపుల్నే నమ్ముకుని. అంత గుడ్డా ఒక పెద్ద చక్రంలా తిరగసాగింది. ముఖం పక్కకు వాలింది, దిండు మీద పడుకున్నట్టు. మెల్లగా నుదురు ఆకాశం వైపు లేచింది. నిటారుగా నిలిచింది. నవ్వులు ఎప్పుడు ఆగాయో తెలీదు. గాలికి, కిందున్నవాళ్ళ ఊపిరికి చెంపలు కదిలాయి. గుడ్డ అలా తిరుగుతుందని, తిప్పవచ్చని, దాన్ని పోగు పోగుగా ఎరిగిన ఆమెకే తెలీదు. లేచి నిలబడింది. రెండు వరుసల ముందు సారు ఎప్పుడో లేచి ఉన్నాడు. లేవడంలో ఆయన ఒళ్ళోని టోపీ జారి కిందపడింది. తీసుకోవాలని ఆయనకూ తోచలేదు, అందివ్వాలని ఆమెకూ తోచలేదు.

మ్యాచ్ అయ్యాక తమ్ముడు గేటు దగ్గర కాచుకుని ఉన్నాడు.

"వాడంటే నాకింకా కోపమేనక్కా."

"ఉండనీరా."

"అది సరే, ఎలా కనిపించింది? మేమెవ్వరం సరిగ్గా చూడలేదు."

ఆమె చెప్పబోయి, తమ్ముడి చేతులు రెండూ పట్టుకుని వెల్లకిలా తిప్పింది. గుడ్డ రాసుకుని అరచేతులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. జనం తోసుకుంటూ పోతున్నా, ఆమె వాటినే చూస్తూ నిలబడింది.